ప్రవేశదరువు: సూరతు తెలుగువారి టెలివిజను స్మృతి

నాటకమునకు ముందు వినిపించు వాద్యధ్వని నాటకములో భాగమగునా, కాదా అన్న ప్రశ్న మన లాక్షణికులకు కొత్తది కాదు. భరతుడు పూర్వరంగమును వివరించినాడు. పాత్రల రాకపోకలకు ధ్రువలను విధించినాడు. పాత్ర వచ్చునప్పటిది ప్రావేశికి, పోవునప్పటిది నైష్క్రామికి. ఆ ధ్రువయే తెలుగునేలపై దరువైనదని పలువురు పండితుల అభిప్రాయము. భామాకలాపములో సత్యభామ జడ తెరపై వాలి, దరువు ఎత్తుకొనగానే ప్రేక్షకుడు సర్దుకొని కూర్చుండును. అతడు ఇంకను పాత్రను చూడలేదు. కాని పాత్ర అతని మనస్సులో ప్రవేశించినది. టెలివిజను పోటీల, ఆటల ఆరంభమున వినవచ్చు శీర్షికాసంగీతము ఈ వంశములోనిదే. తెర మారినది, దరువు చేయు పని మారలేదు.

ఈ సంగీతము యేండ్లు గడచిన పిమ్మట ఒక్కసారి చెవిని పడినంతనే పెద్దవారి కన్నులు కూడ చెమర్చుచున్నవి. దీనిని విచారించుటకు సూరతు నగరము తగిన చోటు. కరీంనగరు, వరంగల్లు, నల్లగొండ ప్రాంతముల పద్మశాలి కుటుంబములు చేమగ్గము కూడు పెట్టని దినములలో అచ్చటి మరమగ్గములను వెదకికొనిపోయినవి. లింబాయత్ ప్రాంతమున తెలుగు వాడలు వెలసినవి. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమమున కూడ పాఠశాలలు నడపినది. సిరిసిల్లలో సాంచె అనబడు మరమగ్గము పండ్రెండేసి గంటల పాళీలతో రేయింబవళ్లు ఆడును. ఆ ధ్వనిలో మాట వినబడదు; కార్మికులు సైగలతోను పెదవుల కదలికతోను పని జరుపుకొందురు. అట్టి చెవికి పాళీ ముగిసిన పిదప ఇంట వినబడు నాలుగు స్వరములు వినోదము మాత్రమే కావు. దినములో మనిషికి మిగిలిన భాగము ఆరంభమైనదని అవి తెలుపును.

స్వగ్రామమున ఈ జనమునకు వేరొక దరువు ఉండెను. కూనపులివారు చేర్యాల పటమును విప్పి, పద్మశాలీల కులమూలమును చెప్పు మార్కండేయపురాణమును గానము చేయుదురు. పటము విప్పుటయే అచ్చట తెర తొలగుట. వలస వచ్చినవారికి ఆ పటము దూరమైనది. ఆ ఖాళీలోనికి ఉపగ్రహప్రసారము వచ్చినది.

1995లో ఈటీవీ ఆరంభమైనది. 1996లో ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యము సారథ్యమున ‘పాడుతా తీయగా’ అను పాటల పోటీ మొదలైనది. 2020లో ఆయన కన్నుమూయువరకు దానికి ఆయన పేరే పర్యాయపదముగా నిలిచినది. ఆ శీర్షిక 1964 నాటి ‘మూగమనసులు’ చిత్రమున ఆత్రేయ రచింపగా ఘంటసాల పాడిన పాటనుండి వచ్చినది. అనగా ఈ కార్యక్రమము పుట్టినప్పుడే ముప్పదిరెండేండ్ల వెనుకకు చూచుచు పుట్టినది. నేడు దాని ఆరంభధ్వనికి కరగువాడు స్మృతిని గూర్చిన స్మృతికి కరగుచున్నాడు. అతనికి ఇందులో పాటయు, పాటలోని మాటయు, ఉచ్చారణ దిద్దిన బాలుగారి కంఠమును ఒక్కటిగా నిలిచినవి.

రెండవ ఉదాహరణ ఇందుకు భిన్నము. 2000 జూలై 3న అమితాబ్ బచ్చన్ నిర్వహణలో ‘కౌన్ బనేగా కరోడ్‌పతి’ హిందీలో ఆరంభమైనది. దాని సంగీతము 1998లో బ్రిటిషు కార్యక్రమమునకై కీత్ స్ట్రాకన్, మాథ్యూ స్ట్రాకన్ అను తండ్రీకొడుకులు కూర్చినది. ప్రశ్న కఠినమైనకొలది వెనుక వినబడు నాదము అర్ధస్వరము చొప్పున పైకి జరుగును. వినువానికి కారణము తెలియకయే గుండె బిగియును. 2014లో నాగార్జున నిర్వహణలో ‘మీలో ఎవరు కోటీశ్వరుడు’ తెలుగున వచ్చునప్పటికి, సూరతులో పెరిగిన తెలుగు బాలుడు ఆ నాదమును హిందీ వెంట పదునాలుగేండ్లుగా ఎరిగియున్నాడు.

ఇచ్చట ఒక చిక్కు కలదు. భయమును పెంచుటకు కట్టిన సంగీతము ఇరువదియేండ్లకు తీపి ఎట్లయినది? కాళిదాసు శాకుంతలమున పంచమాంకము దీనికి దారి చూపును. హంసపదిక పాట విని దుష్యంతుడు కారణము తెలియని బెంగపడును. జన్మాంతరస్నేహమేదో మనస్సులో మెదలుచున్నదని తలచును. అభినవగుప్తుడు ఈ సందర్భమును గ్రహించి వాసనాతత్త్వమును చర్చించినాడు. దుష్యంతుడు మరచినది శకుంతలను. పాట ఆమెను గూర్చినది కాదు. అట్లే శీర్షికాసంగీతము తనను గూర్చి ఏమియు చెప్పదు. నాటి ఉత్కంఠకు ఫలితము తెలిసిపోయినది, భయము రాలిపోయినది. ఒక్క గదిలో చేరి సమాధానములు అరచిన తల్లిదండ్రులు, పాళీనుండి అప్పుడే వచ్చిన బాబాయి, గిన్నెలోని అన్నము మాత్రము మిగిలిరి, మిగిలినవి.

కనుక విమర్శకుడు రెండు పొరపాట్లనుండి తప్పుకొనవలెను. ఇది వ్యాపారధ్వని, విచారణకు తగదనుట మొదటిది. కన్నీరు తెప్పించినది కావున ఉత్తమకళ అనుట రెండవది. కన్నీరు వినువాని ఇంటిది. రాగము తాళపుచెవి మాత్రమే. అయినను తాళపుచెవులన్నియు సమానములు కావు. ‘పాడుతా తీయగా’ తెరచు గదిలో తెలుగు వినబడును. కోటీశ్వరుల నాదము తెరచు గదిలో ఏ భాషయైనను వినబడవచ్చును. లండనులోను సూరతులోను అది ఒక్కటే. మొదటిదానిని అనుభవించుటకు భాష కావలెను. రెండవదానికి చెవి చాలును.

వలసజీవితములో అక్షరము ముందుగా పోవును, తరువాత మాట పోవును, రాగము చివరివరకు నిలుచును. తెలుగు చదువరాని మూడవతరము వాడు దరువును గుర్తుపట్టి ముసిముసిగా నవ్వును. పాత్ర ఏమి పలికినదో అతనికి తెలియదు. ఈ నవ్వును చూచి భాష బ్రతికియున్నదని సంతసించుట ఆత్మవంచన. భాష పోయినదని విలపించుట తొందరపాటు. ప్రవేశదరువు వినబడుచున్నదనగా రంగము ఇంకను ఖాళీ కాలేదు, ప్రేక్షకుడు లేచిపోలేదు. ఆ దరువు వెంట పాత్రను ప్రవేశపెట్టుట గాయకుని పని కాదు, రచయిత పని. లింబాయత్ ఇరుకుగదిలో ఆ సాయంకాలమున ఎవరు కూర్చుండిరి, ఏమి మాటలాడుకొనిరి, ఏ యాసలో నవ్వుకొనిరి అన్నది కథలోనికి ఎక్కిననాడు తాళపుచెవికి తగిన ఇల్లు దొరకును. ఎక్కనిచో దరువు మ్రోగుచునేయుండును; తెర వెనుక ఎవరును ఉండరు.