తులసిదళము తరువాత యండమూరి

భయము కలిగించు నవలలు వ్రాసి పేరు పొందిన రచయిత అటుపిమ్మట వ్రాసిన పుస్తకములు చదువదగినవా, కావా? యండమూరి వీరేంద్రనాథ్ గారి విషయమున తెలుగు పాఠకులు తరచుగా వేసికొను ప్రశ్న ఇది. ‘తులసిదళము’ వంటి పట్టు మరి దేనిలోను లేదని కొందరందురు. దానిని విడిచి తక్కినవి చదువుడని మరికొందరందురు. విజ్ఞానశాస్త్ర పత్రికలో నవలల ప్రసక్తి యేల యని ఎవరైనను అడుగవచ్చును. దానికి సమాధానము చెప్పుటకు ముందు ఒక రహదారి వెంట కొంత దూరము పోవలసి యున్నది.

హైదరాబాదు నుండి కరీంనగరమునకు పోవు రాజీవ్ రహదారిలో హకీంపేట దాటిన పిదప తూంకుంట వచ్చును. ఇంకను ముందునకు పోయినచో షామీర్‌పేట చెరువు, దాని కావల తుర్కపల్లి వైపున జీనోమ్ వ్యాలీ కలవు. కోవిడ్ మహమ్మారి కాలమున కోవాక్సిన్ టీకాను, పుణేలోని జాతీయ వైరాలజీ సంస్థ సహకారముతో, రూపొందించిన పరిశ్రమ అచ్చటిదే. కంటికి కనబడని వైరసును పట్టి, నిర్వీర్యము చేసి, దానినే మనకు రక్షణగా మార్చిన విద్య అది.

ఆ షామీర్‌పేట ప్రాంతముననే అద్రాస్‌పల్లి యను గ్రామము కలదు. 2019 సెప్టెంబరులో అచ్చట అనారోగ్యముతో ఒక స్త్రీ మరణించినది. ఆమె చితి వద్ద ఒక యువకుడు కనబడెను. బాణామతి చేసి ఆమెను చంపినవాడు ఇతడే యను అనుమానముతో ఆమె బంధువులు అతనిపై పడి కొట్టి, ఆ చితిలోనే వేసి కాల్చిరని నాటి వార్తలు తెలిపినవి. ఆ యువకునికి ఇరువది యైదేండ్లు కూడ నిండలేదు. టీకాలు తయారగు చోటును, ఈ చితి మండిన చోటును ఒకే ప్రాంతములోనివి. ఇందువలననే ‘తులసిదళము’ వంటి నవలను గూర్చి ఈ పుటలలో మాటాడవలసి వచ్చినది.

అయితే ఒక మాట ముందుగానే స్పష్టము చేయవలెను. ఆ దారుణమునకు నవల కారణమని మేము చెప్పుట లేదు. తెలంగాణమున బాణామతి యనియు, కోస్తా జిల్లాలలో చేతబడి, చిల్లంగి యనియు పిలుచు ఈ నమ్మకము ఏ నవలకన్నను పాతది. నవల చదివినవారందరు కత్తి పట్టలేదు. కత్తి పట్టినవారు నవల చదివి యుండవలెనన్న నియమమును లేదు. మా ప్రశ్న వేరు. లక్షలాది పాఠకులను చేరగల రచయిత, ఈ నమ్మకమును కథావస్తువుగా తీసికొన్నప్పుడు, దానితో ఏమి చేసెను? తరువాతి పుస్తకములలో ఏమి చేసెను?

‘తులసిదళము’ 1980 ప్రాంతమున ఆంధ్రభూమి వారపత్రికలో ధారావాహికముగా వెలువడినది. వారము వారము పత్రిక కొరకు పాఠకులు కాచుకొని యుండిన కాలమది. కథలో తులసి యను చిన్నపిల్ల. ఆమె మరణించిన ఆస్తి పరులకు చెందును. అందుకై ఆమెపై క్షుద్రప్రయోగము జరుగును. పిల్ల క్షీణించుచుండగా ఒక వైపున వైద్యులు, మరియొక వైపున మంత్రగాండ్రు ఆమెను దక్కించుకొనుటకు పెనుగులాడుదురు. కథను పరుగెత్తించు నేర్పులో ఈ రచయితకు సాటి యగువారు ఆనాడు తక్కువ. మన ఆలంకారికులు భయానకమును నవరసములలో ఒకటిగా ఎంచిరి. కావున భయము పుట్టించుట నేరము కాదు, అది ఒక కళ. ఆ కళ ఈ నవలలో నిండుగా ఉన్నదని ఒప్పుకొనవలెను.

దోషము వేరొక చోట ఉన్నది. రచయిత వైద్యుని మాటను, మంత్రగాని మాటను ఒకే త్రాసులో సమానముగా తూచి, ఏది నమ్మవలెనో మీరే తేల్చుకొనుడని పాఠకునికి విడిచినట్లు కనబడును. ఇది నిష్పక్షపాతమని కొందరు మెచ్చిరి. రంగనాయకమ్మ గారు దీనిని మూఢనమ్మకములను పెంచు సాహిత్యమని తీవ్రముగా విమర్శించిరి. ‘క్షుద్ర సాహిత్యము’ అను మాట ఆనాటి వాదములలో స్థిరపడినది. మా అభిప్రాయమున ఆ సమత్వము నిజమైన సమత్వము కాదు. చీకటిలో త్రాడును చూచి పాము అనుకొనిన వానికి దీపము తెచ్చి చూపవలెను. “త్రాడు కావచ్చును, పాము కావచ్చును” అని చెప్పి దీపము ఆర్పివేయువాడు ఇరుపక్షములకు న్యాయము చేసినవాడు కాడు.

దీపము ఆనాడే లేకపోలేదు. ఇట్టి కథలలో సాధారణముగా వర్ణింపబడు లక్షణములను చూడుడు: కాలుచేతులు కొట్టుకొనుట, గొంతు మారుట, అయినవారిని గుర్తింపకపోవుట, ఒడలు కొయ్యబారుట. మూర్ఛ దేవతల కోపము కాదనియు, మెదడునకు కలుగు వ్యాధియే యనియు గ్రీకు వైద్యులు క్రీస్తునకు పూర్వమే వ్రాసిరి. మెదడులోని విద్యుత్ స్పందనలను కాగితముపై గీయించు పద్ధతిని జర్మను వైద్యుడు హాన్స్ బెర్గర్ 1929లో ప్రకటించెను. బద్దెపురుగు యొక్క పిల్లరూపములు మెదడులో చేరుటచేత మూర్ఛలు వచ్చు రోగులు మన దేశమున ఎందరో కలరు. తీవ్రమైన మానసిక క్షోభ వలన మనిషి తాను మరియొకరైనట్లు ప్రవర్తించుటయు వైద్యులు ఎరిగినదే.

ఆ తరువాత తెలిసినది మరింత ఆశ్చర్యకరము. 2007లో జోసెఫ్ డాల్మావ్ అను వైద్యుడు తన సహచరులతో కలిసి ఒక వ్యాధిని వర్ణించెను. దీనిలో శరీరమును కాపాడవలసిన ప్రతిరక్షకములు దారి తప్పి, మెదడు కణములపై నుండు ఒక గ్రాహకముపైననే దాడి చేయును. రోగి ఉన్నట్టుండి అరచును, లేనివానిని చూచును, ముఖము వికృతముగా త్రిప్పును, మూర్ఛలు పోవును. ఇది యువతులలోను పిల్లలలోను ఎక్కువగా కనబడును. సకాలమున గుర్తించి స్టెరాయిడ్లు, ఇమ్యునోగ్లోబులిన్ మొదలగు వానితో చికిత్స చేసిన చాలమంది కోలుకొందురు. అట్టి పిల్లను భూతవైద్యుని యొద్దకు తీసికొనిపోయిన ఆ కాలము వృథా యగును. కాలము వృథా యగుట అనగా కొందరి విషయములో ప్రాణము పోవుటయే.

భయము కూడ ఒడలిపై పనిచేయును. అమెరికా శరీరశాస్త్రజ్ఞుడు వాల్టర్ కానన్ 1942లో ఒక వ్యాసమున, మంత్రప్రయోగము జరిగినదని గట్టిగా నమ్మినవాడు ఆ భయముచేతనే కృశించి మరణింపవచ్చునా యను ప్రశ్నను పరిశీలించెను. ఆయన వివరణలో అన్నియు నేడు అట్లే నిలువలేదు. కాని భయము గుండెను, రక్తపు ఒత్తిడిని తీవ్రముగా కలచునన్నది నిశ్చయము. ఇది యెరిగిన రచయితకు క్షుద్రప్రయోగము కన్న భయంకరమైన వస్తువు చేతికి దొరికినట్లే: మంత్రము లేకయే, మంత్రముపై నమ్మకము మాత్రమే చంపగల లోకము.

ఇక తరువాతి పుస్తకములు. ‘తులసిదళము’నకు కొనసాగింపుగా వచ్చిన ‘తులసి’ మొదటి నవల దారినే నడచినది. మొదటి దానిలోని సందేహపు ఉత్కంఠ రెండవ దానిలో పలుచబడినది. దానిని చదువకున్నను నష్టము లేదు.

‘అభిలాష’ అట్లు కాదు. 1983లో చలనచిత్రముగా కూడ వచ్చిన ఈ కథలో మరణశిక్షను రద్దు చేయవలెనని కోరు ఒక న్యాయవాది, నిరపరాధికి కూడ ఉరి పడవచ్చునని నిరూపించుటకు తానే హత్యానేరమును తనపై కల్పించుకొనును. ఆ కల్పిత సాక్ష్యమే అతని మెడకు చుట్టుకొనును. మంత్రములు లేవు, భూతములు లేవు. కాని ‘తులసిదళము’ కన్న ఎక్కువ భయము ఇందు కలదు. ఏలయన ఈ భయము నిజము. సాక్ష్యమువలె కనబడునదంతయు సత్యము కాదని ఇది నేర్పును. అద్రాస్‌పల్లిలో ఆ యువకునిపై సాక్ష్యమేమి? చితి వద్ద కనబడుట. అంతకన్న వేరొకటి అడిగినవారు ఆ రాత్రి లేకపోయిరి.

‘వెన్నెల్లో ఆడపిల్ల’లో ఒక చదరంగపు ఆటగాడు, ఫోనులో గొంతు మాత్రమే వినిపించు యువతిని ఆమె ఇచ్చు సూచనల వలన కనుగొన యత్నించును. ఇచ్చట పాఠకుడు కూడ ఊహింపవలెను, ఊహను పరీక్షింపవలెను, తప్పైనచో విడువవలెను. ప్రేమకథగా చదివినవారికి తెలియకయే శాస్త్రీయమైన ఆలోచనకు కొంత అభ్యాసమగును. ‘అంతర్ముఖము’ మరింత పరిణతి గల నవల. అందు రచయిత బయటి భూతములను విడిచి మనిషి లోపలికి చూచెను.

చివరకు ‘విజయానికి ఐదు మెట్లు’ మొదలగు వ్యక్తిత్వ వికాస గ్రంథములు. వీనివలననే ఆయన క్రొత్త తరమునకు దగ్గరయ్యెను. చదువుకొను పిల్లలకు ధైర్యము చెప్పుట మంచి పనియే. కాని ఈ తరహా గ్రంథములు ఎవరు వ్రాసినను వానిలో ఒక లోపము పొంచియుండును. గెలిచినవాని కథను చెప్పి, అతడు చేసిన పనియే గెలుపునకు కారణమందురు. అదే పని చేసి ఓడినవారిని లెక్కింపరు. కాకి వ్రాలుటయు తాటిపండు పడుటయు ఒకేసారి జరిగిన, కాకియే పండును పడగొట్టెననుట కాకతాళీయము. “అతడు చితి వద్ద ఉండెను, కావున అతడే చంపెను” అన్నదియు, “అతడు తెల్లవారుజామున లేచెను, కావున గెలిచెను” అన్నదియు తర్కమున ఒక్కటే. ఫలితములలో భూమ్యాకాశముల తేడా ఉన్నను పొరపాటు ఒక్కటే. మంత్రగాని విడిచి వచ్చినంత మాత్రమున హేతువు దొరికినట్లు కాదు. ఈ గ్రంథములను పెన్సిలు చేత పట్టి, ప్రతి పుటలోను “ఎట్లు తెలిసినది?” అని ప్రశ్నించుచు చదువవలెను.

ఈ చిక్కు మన భాషకే పరిమితము కాదు. భయానక నవలలకు జగత్ప్రసిద్ధుడైన అమెరికా రచయిత స్టీఫెన్ కింగ్ 2014లో ‘మిస్టర్ మెర్సిడెస్’ అను అపరాధ పరిశోధక నవలను వ్రాసెను. అందు భూతముల జోక్యము లేదు. ఆ మరుసటి సంవత్సరము దానికి ఎడ్గర్ పురస్కారము లభించెను. దయ్యమును విడిచినను భయానక రచయిత బలహీనుడు కానక్కరలేదని ఇది తెలుపును.

కావున మా తీర్పు ఇది. యండమూరి తరువాతి నవలలు చదువదగినవే. వానిలో ‘అభిలాష’ను తప్పక చదువవలెను. ‘తులసిదళము’ను కూడ దాచిపెట్టనక్కరలేదు. తూంకుంటలో ఏ యింటనైనను ఒక పిల్లవాడు దానిని రాత్రి దీపము ముందు చదువుచుండినచో లాగికొనకుడు. చదివి ముగించిన పిదప అతని చేతికి ‘అభిలాష’ను ఇచ్చి, ఒక్క ప్రశ్న వేయుడు: “తులసికి జబ్బు చేసినప్పుడు నీవు ఆ ఊరిలో ఉండినచో ఎవరిని పిలిచెడివాడవు? ఎవరినైనను నేరస్థుడనుటకు ముందు ఏమి అడిగెడివాడవు?” దీనికి ఆ పిల్లవాడు సరియైన సమాధానము చెప్పగలిగిన, రెండు నవలలును తమ పని చేసినట్లే.