మలేషియా బల్ల ముందు

విమర్శ అనేది పుస్తకాల మీదే రాయాలని ఎక్కడా నియమం లేదు. పాట మీద రాస్తారు, సినిమా మీద రాస్తారు. రోజుకి మూడుపూటలా మన చేతుల మీదుగా నడిచే తిండి మీద మాత్రం ఎవరూ రాయరు. రాసినా "రెండు చెంచాల ధనియాలు, చిటికెడు ఇంగువ" అని తయారుచేసే పద్ధతి రాసి ఊరుకుంటారు. ఆ వంట ఏం రుచి తేవాలనుకుంది, తెచ్చిందా లేదా, ఎవరు వండారు, ఎవరు తీరిగ్గా కూర్చుని తిన్నారు? ఈ ప్రశ్నలు ఎవరికీ తోచవు.

పరాయి దేశాలు చూసొచ్చిన మనవాళ్లు తిండి సంగతి ఎత్తితే నాకు ఒళ్లు మండుతుంది. "అక్కడ ఏం తింటామండీ! దేవుడి దయవల్ల ఓ సందులో ఇడ్లీ దొరికింది గాని..." ఇదీ వరస. యాత్రాకథనాలూ అలాగే ఉంటాయి. సముద్రాన్నీ, మేడల్నీ పేజీలకి పేజీలు వర్ణించి, భోజనం దగ్గరికొచ్చేసరికి పప్పన్నం దొరికిందన్న ఆనందంతో ముగించేస్తారు. మన యాత్రారచనకి పెద్దదిక్కు ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో కాశీకి బయలుదేరి, మజిలీ మజిలీకీ ఏ సరుకులు దొరుకుతాయో ఓపిగ్గా రాసుకున్నారు. ఊరు తెలియాలంటే ఆ ఊరి అంగడి తెలియాలని ఆయనకి తెలుసు. ఆ వారసత్వం మనం ఇడ్లీ దగ్గర పోగొట్టుకున్నాం.

అందుకే కుటుంబంతో మలేషియా వెళ్లినప్పుడు నేనో షరతు పెట్టాను. రోజుకి ఒక్క పూటైనా ఆ ఊరివాళ్లు తినే చోట, వాళ్లు తినేదే తినాలి. మావారు, కాలేజీలో చదివే అమ్మాయి, తొమ్మిదో తరగతి అబ్బాయి, మామగారు పోయాక నీచు మానేసిన మా అత్తగారు, నేను. ఐదుగురం, ఐదు రకాల నాలుకలు. విమర్శకులకి కొదవలేదు.

మొదట నాసి లెమాక్ సంగతి చెప్తాను. నాసి అంటే అన్నం. లెమాక్ అంటే కొవ్వువల్ల వచ్చే కమ్మదనం. కొబ్బరిపాలల్లో పాండాన్ ఆకు వేసి వండిన అన్నం, పక్కన ఎర్రటి సంబల్, వేయించిన ఎండు నెత్తళ్లు, వేరుశనగ గింజలు, కీరా ముక్కలు, కోడిగుడ్డు. మావారు రెండు ముద్దలు తిని, "కొబ్బరన్నమే కదా, పోపు పెట్టడం మర్చిపోయారు" అన్నారు.

ఇదిగో, ఈ తరహా విమర్శే పనికిరాదంటాను. ఆ అన్నం తనంతట తానుగా తినడానికి వండింది కాదు. కారం, తీపి, పులుపు సంబల్ చూసుకుంటుంది. కరకరలాడ్డం నెత్తళ్లూ, పల్లీలూ చూసుకుంటాయి. నోటి మంట తగ్గించడం కీరా పని. వీటన్నిటికీ చోటివ్వడం కోసమే అన్నం అంత కమ్మగా, అంత నెమ్మదిగా ఉంటుంది. ఏది ఎంత కలుపుకోవాలో తినేవాళ్ల ఇష్టం. దీన్ని పోల్చవలసింది మన కొబ్బరన్నంతో కాదు, ముద్దపప్పూ ఆవకాయా నెయ్యీ కలుపుకునే మన అలవాటుతో. అసలు పోలికే వద్దనను. పోల్చేటప్పుడు సరైనదానితో పోల్చాలంటాను.

అలాగని అన్నీ మెచ్చుకోనక్కర్లేదు. నేను నాలుగు చోట్ల తింటే రెండు చోట్ల సంబల్ మరీ తియ్యగా ఉంది. మిరపకాయని బెల్లంలో ముంచినట్టుంటే ఇక అది కమ్మటి అన్నానికి జోడీ ఎలా అవుతుంది? మిగతా రెండు చోట్లా కారం ముందు తగిలి, తీపి ఆ తర్వాత తెలిసింది. నా లెక్కలో అదీ సంబల్.

అసమ్ పెడాస్ అని ఇంకోటుంది. అసమ్ అంటే పులుపు, పెడాస్ అంటే కారం. చింతపండూ, మిరపకాయలూ, చేప. మా అబ్బాయి లొట్టలేస్తూ "అమ్మా, మన చేపల పులుసే!" అన్నాడు. అమ్మాయి ఒప్పుకోలేదు. "మెంతుల వాసన ఏదిరా? ఏదో ఆకు ఘాటుగా తగులుతోంది చూడు" అంది. ఆ ఆకు దౌన్ కెసుమ్. ఒక్క ఆకుతో పులుసుకి ఊరు మారిపోయింది. వాడిది చుట్టరికం పట్టే చూపు, దానిది తేడా పట్టే చూపు. మంచి విమర్శకి రెండూ కావాలి.

మా అత్తగారి సంగతి వేరు. అక్కడ ఆకుకూర కనబడినంత మాత్రాన అది శాకాహారం అనుకోవడానికి లేదు. మన చెరువుల్లో పెరిగే తూటికూరని వాళ్లు కంకుంగ్ అంటారు. నిగనిగలాడుతూ పళ్లెంలో వస్తుంది గాని, అందులో బెలాచన్ అనే రొయ్యల ముద్ద వేసి వేయించడం అక్కడి అలవాటు. సంబల్లో కూడా అదే ఉంటుంది. అంచేత శాకాహారులు అడిగి తినాలి. చిత్రమేమిటంటే, ఆవిడ తిండి సమస్య తీర్చింది చైనావాళ్ల అంగడి. బౌద్ధాచారం పాటించే శాకాహార హోటళ్లలో ఉల్లీ వెల్లుల్లీ కూడా వెయ్యరు. మా అత్తగారు వేడివేడి అన్నం, టోఫూ వేపుడూ తిని, "వీళ్లకి ఏడాదంతా కార్తీకమాసమే కాబోలు" అన్నారు. మనకి దగ్గరివాళ్లు మన పోలికతోనే ఉంటారనుకోవడం ఎంత పొరపాటో చూడండి.

ఇక మామక్ అంగడి. తమిళ ముస్లింలు నడిపే ఈ హోటళ్ల పేరు 'మామ' అన్న పిలుపులోంచి వచ్చింది. ఆ పిలుపు మనదీను. మైదా ముద్దని నూనె చేత్తో విసిరి విసిరి పల్చగా సాగదీసి, మడతపెట్టి, పెనం మీద కాల్చి, పప్పుకూరతో పెట్టేది రోటీ చనాయ్. ఆ గిన్నెలోంచి ఈ గిన్నెలోకి బారెడు ఎత్తునుంచి పోసి నురగ తెప్పించేది తెహ్ తారిక్. తారిక్ అంటే లాగడం. మలయావాళ్లూ, చైనావాళ్లూ, మనవాళ్లూ అందరూ కలిసి కూర్చోగలిగే బల్ల ఎక్కువగా ఇక్కడే. పంది మాంసం వండే చోట ముస్లింలు కూర్చోరు, గొడ్డు మాంసం దగ్గర మన పెద్దవాళ్లు కూర్చోరు. 'అన్ని జాతులూ ఒకే బల్ల మీద' అనే మాట బోర్డు మీద రాసినంత సులువు కాదు. అయినా ఒకరి బల్ల ఒకరికి కనిపించేంత దగ్గరగా ఉన్నాయి. అదీ చిన్న విషయం కాదు.

తెహ్ తారిక్ మీద నా ఫిర్యాదు ఉండనే ఉంది. డబ్బాపాల తీపి గొంతులో నిలబడుతుంది. ఆ దేశపు 2019 ఆరోగ్య సర్వేలో పెద్దవాళ్లలో 18.3 శాతం మందికి చక్కెర జబ్బు ఉన్నట్టు తేలింది. అదే ఏడాది జూలై నుంచి సీసాల్లో, డబ్బాల్లో అమ్మే తియ్యటి పానీయాల మీద పన్ను వేశారు గాని, అంగట్లో కలిపే గ్లాసుకి అది తగలదు. 'కురంగ్ మానిస్' అంటే తీపి తగ్గించమని అర్థం. ఆ రెండు మాటలూ మావారికి మొదటిరోజే నేర్పాను.

ఇవన్నీ నాలుకకి సంబంధించినవి. అసలు చెప్పాలనుకున్నది ఇంకోటి.

అక్కడ బయట తినడం పండగ కాదు. పొద్దున్నే ఇంటి బట్టల్లోనే వచ్చి, పిల్లల్ని చెరో కుర్చీలో కూలేసి, తల్లి కూడా కూర్చుంటుంది. వేడిగా వచ్చింది వేడిగా తింటుంది. "ఏం, ఇంట్లో వండలేదా?" అని అడిగేవాళ్లు లేరు. మన దగ్గరో? హోటలుకెళ్తే అది షికారన్నా కావాలి, లేకపోతే ఇల్లాలి బద్ధకమన్నా కావాలి. వెళ్లినా, ఎవరికేం కావాలో కనుక్కుని, పిల్లలు వదిలేసింది తాను తిని, బిల్లు చూసి నిట్టూర్చడం ఆవిడ వంతు. మా అత్తగారు ఆ చైనా అంగట్లో చెయ్యి కడుక్కుంటూ, "పెళ్లిళ్లలో తప్ప, ఎవరో పెడితే అందరితోపాటు కూర్చుని తినడం నేనెరగనే" అన్నారు. ఫిర్యాదుగా అనలేదు. లెక్క చెప్పినట్టు అన్నారు. అయిదారుగురికి నలభై ఏళ్లకి పైగా రోజూ వండిన మనిషి లెక్క అది.

అయితే ఇక్కడే విమర్శకురాలు ఇంకో అడుగు ముందుకి వెయ్యాలి. ఆరింటికి రోడ్డు పక్క గొడుగు కింద అరిటాకు పొట్లాలు కట్టి అమ్మే ఆవిడ ఎన్నింటికి లేచుంటుంది? కొబ్బరి తీసి, సంబల్ కలియబెట్టి, నెత్తళ్లు వేయించి, అన్నం దించేసరికి ఎంతసేపు? ఓ ఇల్లాలికి దొరికిన తీరిక ఇంకో ఆడమనిషి నిద్రలోంచి వచ్చింది. కాకపోతే ఒక తేడా ఉంది. ఆవిడ పనికి డబ్బొస్తుంది, ఆవిడ చేతికి పేరొస్తుంది. 'మక్‌చిక్', అంటే పిన్నిగారు, చేతి సంబల్ కోసం జనం వరసలో నిలబడతారు. మన వంటింట్లో ఆ చాకిరీకి డబ్బూ లేదు, పేరూ లేదు. ఉప్పెక్కువైన రోజున మాత్రం పేరొస్తుంది.

2024లో యునెస్కో మలేషియా పొద్దుటి ఫలహారపు సంస్కృతిని మానవాళి వారసత్వపు జాబితాలో చేర్చింది. నాసి లెమాక్, రోటీ చనాయ్, తెహ్ తారిక్ ఆ గౌరవంలో ఉన్నాయి. సంతోషమే. కాని అంతకుముందు, 2016 నుంచి, పెనాంగ్ రాష్ట్రంలో వీధి అంగళ్లలో స్థానిక వంటకాలని విదేశీ కూలీలు వండకూడదని నియమం పెట్టారు. రుచి చెడుతుందని భయం. ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసెయ్యను. చేతివాటం అంటూ ఒకటుంటుంది. కానీ రోటీ చనాయ్ విసిరిన మొదటి చేతులు ఎక్కడివి? ఓడలెక్కి వచ్చినవే కదా! శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి మనవాళ్లూ పెరాక్ రాష్ట్రపు రబ్బరు తోటలకీ, కొబ్బరి తోటలకీ అలాగే వెళ్లారు. వాళ్ల పిల్లలకి ఆ ఊరే సొంత ఊరు. 1955లో సంఘం పెట్టుకుని తెలుగు నిలుపుకున్నారు. నిన్న పరాయివాడు వండింది ఇవాళ ఊరి వంట అయినప్పుడు, ఇవాళ్టి పరాయివాడి చేతిని తప్పుపట్టడం నాకు న్యాయంగా తోచలేదు. నేర్పాలి గాని తప్పించకూడదు.

కాబట్టి మలేషియా బల్ల మీద నా తీర్పు ఇది. నాసి లెమాక్‌కి పెద్ద పీట. అసమ్ పెడాస్‌కి దానికి ఏమాత్రం తగ్గని పీట. తెహ్ తారిక్‌కి అరగ్లాసు. ఇల్లాలికి కుర్చీ వేసే ఆ అలవాటుకి అన్నిటికన్నా ఎక్కువ మార్కులు. వండే చేతుల లెక్క ఇంకా తేలవలసి ఉంది గనక, ఆ మార్కుల్లో కొన్ని ఆపుకున్నాను.

'సుదా మాకన్?' అని అక్కడ పలకరిస్తారు. 'తిన్నారా?' అని. మనమూ అలాగే పలకరిస్తాం. గడపలోకొచ్చిన ప్రతివాళ్లనీ అడుగుతాం. వండినావిడని అడగడం మాత్రం ఇంకా అలవాటు చేసుకోవలసే ఉంది.