ఉంగరం మింగిన చేప

సైకిలు మీద దేశం చూడటంలో ఉన్న సుఖమేమిటంటే, ఏదీ చప్పున వెనక్కి వెళ్ళిపోదు. దూరాన ఓ చర్చి శిఖరం సూదిమొనలా కనిపిస్తుంది. పావుగంట తొక్కుతారు. అది అక్కడే ఉంటుంది. ఈలోగా మీరు ఏదన్నా తీరిగ్గా ఆలోచించుకోవచ్చు, ఎవరి మీదన్నా తీరిగ్గా కోపం తెచ్చుకోవచ్చు కూడా. నాకు వచ్చిన కోపం ఒక కథ మీద. ఆ కథ ఉన్న ఊరికి ఎలా వెళ్ళామో ముందు చెప్పనివ్వండి.

మా అమ్మాయి హాలెండులో ఉంటోంది. నిరుడు వేసవిలో మేం వెళ్ళినప్పుడు, "అమ్మా, ఫ్రీస్‌లాండులో ఓ ఆరు రోజులు సైకిళ్ళ మీద తిరిగొద్దాం" అంది. నాకు అరవై రెండేళ్ళు. మావారికి మోకాళ్ళ నొప్పులు. "బ్యాటరీ సైకిళ్ళు నాన్నా, మీరు ఊరికే కాళ్ళు ఆడిస్తే చాలు" అని ఆయన్ని ఒప్పించింది. నన్నెవరూ ఒప్పించక్కర్లేదు. చిన్నప్పుడు బందరులో అన్నయ్య సైకిలు అడ్డతొక్కుడు తొక్కి మోచేతులు చెక్కుకుపోయినదాన్ని.

ఫ్రీస్‌లాండు ఆ దేశానికి ఉత్తరాన ఉన్న రాష్ట్రం. వాళ్ళ భాష వేరు. పొరపాటున కూడా వాళ్ళని హాలెండువాళ్ళు అనకూడదని అమ్మాయి ముందే హెచ్చరించింది. అక్కడ పదకొండు పాత పట్నాలున్నాయి. పట్నాలంటే పేరుకే. కొన్ని మన పేటలంత కూడా ఉండవు. వాటన్నిటినీ కాలవలు కలుపుతాయి. చలికాలంలో ఆ కాలవలు గట్టిగా గడ్డకట్టిన ఏడు, మంచు మీద స్కేటింగు చేస్తూ దాదాపు 200 కిలోమీటర్లు పదకొండు ఊళ్ళూ చుట్టి వచ్చే పందెం పెడతారు. మొదటిది 1909లో జరిగింది. చివరిది 1997లో. ఆ తరవాత అంత మందాన మంచు గట్టిపడనేలేదు. ఎండాకాలం మాత్రం సైకిళ్ళవాళ్ళది. ఏటా ఒకరోజు బోల్స్‌వార్డు ఊరి నుంచి వేలమంది బయల్దేరి 235 కిలోమీటర్లు ఒక్కరోజులో తొక్కేస్తారట. మేం ఆరు రోజుల్లో కాఫీకి ఆగినచోటల్లా ఆగుతూ సగం పైచిలుకు ఊళ్ళు చూశాం.

దారి తప్పే భయం లేదు. కూడళ్ళలో అంకెలు రాసిన పలకలుంటాయి. 32 తరవాత 45, ఆ తరవాత 17 అని కాగితం మీద రాసుకుని ఆ అంకెలు వెతుక్కుంటూ పోవడమే. మావారు ప్రతి అంకెనీ తంబోలా ఆడుతున్నట్టు కేకేసి చెప్పేవారు. మధ్యమధ్య వంతెన లేస్తుంది. పడవ దాటేదాకా నిలబడాలి. కొన్నిచోట్ల వంతెన కాపరి గాలపు కర్రకి ఓ చెక్క బూటు కట్టి పడవ మీదికి వదులుతాడు. పడవవాళ్ళు సుంకం చిల్లర అందులో వేస్తారు. నాకు ఈ ఏర్పాటు ఎంత నచ్చిందో!

ఫ్రానెకెర్‌లో ఒక ఇల్లు చూశాం. ఐసె ఐసింగా అనే ఉన్ని దువ్వే ఆయనది. 1774 మే నెలలో కొన్ని గ్రహాలు ఆకాశంలో ఒకచోట చేరుతున్నాయి, ప్రపంచం ముగిసిపోతుంది అని జనం బెంబేలెత్తిపోయారు. ఆయన ఎవరితోనూ వాదించలేదు. తన ముందు గది పైకప్పుకే గ్రహాలన్నీ బిగించాడు. చెక్క చక్రాలు, మేకులు, గోడగడియారపు లోలకం, అంతే సరంజామా. 1781కి పూర్తయింది. ఇవాళ్టికీ తిరుగుతోంది. 2023లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. ఆ ఏడేళ్ళూ పైనుంచి రాలిన చెక్కపొట్టు ఎవరు ఊడ్చారో అక్కడి బోర్డుల్లో నాకు కనిపించలేదు. అయినా ఆయన మీద నాకు గౌరవం కలిగింది. భయపడ్డవాళ్ళకి దోషిని కాదు, యంత్రాన్ని చూపించాడు. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తాను.

హిండెలోపెన్‌కి వచ్చేసరికి నేను సైకిలు దిగి మరి ఎక్కనన్నాను. సముద్రపు కట్ట వెనక బొమ్మరిల్లులాంటి ఊరు. పూర్వం మగవాళ్ళంతా ఓడ కెప్టెన్లు. వేసవి పొడుగునా వాళ్ళు సముద్రం మీదుంటే, ఆడవాళ్ళు పెద్దింటికి తాళం పెట్టి, పిల్లలతో వెనకనున్న చిన్నింట్లో ఉండేవారట. వాళ్ళ పాత దుస్తులు మ్యూజియంలో ఉన్నాయి. పొడుగాటి అంగీ. దాని మీద ఎర్రటి పువ్వులు, మెలికలు తిరిగిన తీగలు. చూడగానే "ఇది మనదే!" అని పైకే అనేశాను. అది నిజంగా మనదే. కోరమాండల్ తీరంలో నేసి, కలంతో రాసి, రంగులద్దిన నూలుగుడ్డని డచ్చి కంపెనీ ఓడలు ఆమ్‌స్టర్‌డామ్‌కి మోసేవి. హిండెలోపెన్ ఇల్లాళ్ళు దాన్ని అంగీలు కుట్టించుకున్నారు. పండగకి ఎరుపు, మైలకి నీలం. డచ్చివాళ్ళ తొలి కొఠీల్లో ఒకటి మా బందరులోనే ఉండేది. అద్దం మీద చెయ్యి ఆన్చి అలాగే నిలబడిపోతే, కాపలా అమ్మాయి వచ్చి చెయ్యి తీయమంది.

అక్కణ్ణించి కట్ట వెంబడి పది కిలోమీటర్లు వస్తే స్తావొరెన్. నా కోపం ఈ ఊరిదే.

కథ మీకు తెలియకపోవచ్చు. క్లుప్తంగా చెబుతాను. స్తావొరెన్ ఒకప్పుడు గొప్ప రేవు. అక్కడో ధనవంతురాలైన వితంతువు ఓడల వ్యాపారం చేసేది. ఆవిడ ఒక కెప్టెన్‌ని పిలిచి, "లోకంలోకెల్లా విలువైనది తీసుకురా" అంది. అతను ఊళ్ళన్నీ తిరిగి, డాంజిగ్ రేవులో గోధుమలు చూసి, ఇంతకన్న విలువైనదేముంటుందని ఓడ నింపుకొచ్చాడు. ఆవిడకి ఒళ్ళు మండింది. మొత్తం సముద్రంలో పారబోయించింది. ఒక ముసలివాడు, "తల్లీ, నువ్వూ ముష్టెత్తే రోజొస్తుంది" అన్నాడు. ఆవిడ వేలి ఉంగరం తీసి నీళ్ళలో విసిరి, "ఈ ఉంగరం మళ్ళీ నాకు కనిపిస్తే కదా నేను బీదదాన్నయ్యేది" అంది. కొద్దిరోజులకి వంటింట్లో చేప కోస్తే కడుపులో ఉంగరం! ఇక ఓడలు మునిగాయి, ఆస్తి పోయింది. పారబోసినచోట ఇసుక మేటవేసి, గింజ లేని గడ్డి మొలిచి, రేవే పూడిపోయింది. ఆ మేటని ఇప్పటికీ 'ఆడమనిషి ఇసుక' అనే అర్థం వచ్చే పేరుతోనే పిలుస్తారు. గ్రిమ్ సోదరులు కూడా 1816లో తమ జర్మన్ గాథల పుస్తకంలో ఈ కథ చేర్చారు. రేవు దగ్గర ఆవిడ కంచు విగ్రహం ఉంది. 2018లో పదకొండు ఊళ్ళలో పదకొండు ఫౌంటెన్లు పెట్టినప్పుడు, ఇక్కడ మార్క్ డియాన్ అనే కళాకారుడు నోరు తెరుచుకున్న పెద్ద చేపని పెట్టాడు.

కథ మొదటి సగం బంగారం, నేను కాదనను. విలువైనదేమిటని అడిగితే గోధుమలు తెచ్చినవాడి వివేకానికి దణ్ణం పెట్టొచ్చు. అన్నం పారబోస్తే మనకి మాత్రం ప్రాణం విలవిల్లాడదూ? తగువు రెండో సగంతోనే. ఒక మనిషి పొగరుకి ఆ మనిషి ఆస్తి పోయిందంటే సరే అనుకుందాం. ఊరి రేవు పూడటమేమిటి? ఇసుకని మోసుకొచ్చేవి అలలూ, నీటివాలూను. స్తావొరెన్‌లో ఆవిడ ఒక్కర్తే వర్తకురాలు కాదు గదా. తక్కిన షావుకార్లంతా ఏమయ్యారు? వాళ్ళ పొగరు మాట ఎత్తేవారే లేరు.

చేపకి ఉంగరం మింగే అలవాటు పాతదే. గ్రీకు కథలో పాలిక్రాటిస్ అనే రాజు అదృష్టం మరీ ఎక్కువైందని భయపడి ఉంగరం సముద్రంలో పారేస్తే, చేప తిరిగి తెచ్చింది. తరవాత ఆయన దిక్కులేని చావు చచ్చాడు. రాజుగారు కదా, దాన్ని విధి అన్నారు. మన శకుంతల ఉంగరం సంగతి చిన్నపిల్లలకి కూడా తెలుసు. కానీ మహాభారతంలోని శకుంతలకి ఉంగరమూ లేదు, శాపమూ లేదు, చేపా లేదు. నిండుసభలో నిలబడి రాజుని మాటలతోనే నిలదీస్తుంది. కాళిదాసు నాటకంలో రాజు మర్చిపోయాడు పాపం, తప్పు ఉంగరం జారవిడుచుకున్న పిల్లదీ, శపించిన మునిదీ. నాటకం ఎంత అందమైనదైనా, ఆ చేప వచ్చింది దుష్యంతుడి పరువు కాపాడ్డానికేనని నా అనుమానం. స్తావొరెన్ చేప ఊరి పరువు కాపాడింది. రేవు ఎందుకు పోయిందని ఎవరన్నా అడిగితే, ఇసుక అనక్కర్లేదు, మా పెద్దలు కనిపెట్టుకోలేదు అనక్కర్లేదు. ఒక ఆడమనిషిని చూపిస్తే సరిపోతుంది. ఫ్రానెకెర్ ఉన్నివ్యాపారి ఇక్కడ పుట్టలేదే అనుకున్నాను.

ఇంత కోపమెందుకంటే చెబుతాను. బందరు దగ్గర పల్లెలో మా పెద్దమ్మ, పెదనాన్న పోయాక ధాన్యం వ్యాపారం తనే చూసుకునేది. గట్టి మనిషి. కాటా దగ్గర తనే నిలబడేది, అప్పు అడిగితే లెక్క అడిగేది. 1977 నవంబరు ఉప్పెనలో ఆవిడ కొట్టులోకి ఉప్పునీళ్ళొచ్చి బస్తాలన్నీ కుళ్ళిపోయాయి. ఊళ్ళో అందరి ధాన్యమూ పోయింది. నాకప్పుడు పధ్నాలుగేళ్ళు, అన్నీ వింటూనే ఉన్నాను. అందరికీ పోయినది ఉప్పెనవల్లట. ఆవిడకి పోయినది పొగరువల్లట! పెద్దమ్మ ఆ మాట విని మారు పలకలేదు. మళ్ళీ కాటా ముట్టుకోలేదు. అసలు మా బందరు రేవు కూడా ఒండ్రుతో పూడిపోయినదే. అదృష్టవశాత్తూ దానికి ఏ ఆడదాని పేరూ పెట్టలేదు.

ఆ సాయంత్రం విగ్రహం దగ్గరా, ఫౌంటెన్ దగ్గరా చాలాసేపు కూర్చున్నాం. నాకు ఫౌంటెనే నచ్చింది. ఆ చేప నోరు చూస్తే, ఏది వేసినా మింగుతుందనీ, ఎవరేం చెప్పమంటే అది చెబుతుందనీ అనిపిస్తుంది. ఎదురుగా ఉన్నది ఇప్పుడు సముద్రం కూడా కాదు. 1932లో పెద్ద కట్ట కట్టి మూసేశాక మంచినీళ్ళ సరస్సయింది.

"ఇంతకీ ఆ చేప కోసిన వంటమనిషి ఏమైందిట?" అన్నారు మావారు, చేపముక్క నములుతూ. ఎంత కథ చెప్పినా ఆయన దృష్టి వంటింటి మీదే.

కానీ రాత్రి పడుకున్నాక నాకూ అదే ప్రశ్న పట్టుకుంది. అంత విలువైన ఉంగరం దొరికితే కొంగున ముడేసుకోకుండా, కడిగి తెచ్చి యజమానురాలి చేతిలో పెట్టింది. ఓడలన్నీ మునిగాక ఆవిడకి జీతమెవరిచ్చారో! పొద్దున్నే లేచి రేవంతా ఓ చుట్టు చుట్టొచ్చాను. వంటమనిషి విగ్రహం నాకెక్కడా కనిపించలేదు. స్లోటెన్ దారిలో ఆ రోజంతా ఎదురుగాలి.