అయ్యగారి పేరు ముందు ఏం రాయాలి?

డిసెంబరు మూడో వారం వచ్చిందంటే జిల్లా డెస్కుల్లో క్రిస్మస్ వార్తలు కుప్ప పడతాయి. వాటిలో వాక్యాల కంటే ముందు దిద్దాల్సినవి హోదాలు. బాప్టిస్టు సంఘ కాపరి ‘చర్చి ఫాదర్’ అయిపోతాడు. ఆర్‌సీఎం (రోమన్ కతోలిక) చర్చి ఫాదర్ ‘పాస్టర్’ అయిపోతాడు. చదివేవాళ్లలో సగం మందికి ఇదేమీ పట్టదు. ఆ చర్చికి వెళ్లేవాళ్లకు మాత్రం పొద్దున్నే పేపరు చూడగానే ఒళ్లు మండుతుంది. ఒక్క మాట తేడాతో బ్రహ్మచారికి సంసారం అంటగడతాం, పిల్లలున్నాయన్ని సన్యాసిని చేస్తాం. అందుకే కొత్తగా డెస్కులో చేరిన పిల్లలకు నేను చెప్పేది ఒకటే: ముందు ఏ సంఘమో కనుక్కో, మాట సంగతి తర్వాత.

కతోలికులతో పని కొంత సులువు. వాళ్లకు మెట్లు స్పష్టంగా ఉన్నాయి: డీకన్, ఫాదర్, బిషప్. ఫాదర్‌కు పెళ్లి ఉండదు. పాతవాళ్లు అనే ‘పాదిరి’ కూడా తండ్రి అనే అర్థంలోనే పోర్చుగీసు నుంచి వచ్చింది, బొత్తాం, అలమార వచ్చిన దారినే. ఇప్పుడు ఆ మాటలో కాస్త చులకన వినిపిస్తోంది కాబట్టి వార్తల్లో వాడకపోవడమే మేలు. వాళ్ల ప్రెస్‌నోట్లలో మాత్రం అచ్చమైన చర్చి తెలుగు ఉంటుంది. ‘విచారణ గురువులు’ అని చూసి కొత్త సబ్ ఎడిటర్ ‘ఏ కేసులో?’ అని అడిగితే తప్పు పట్టలేం. విచారణ అంటే అక్కడ పారిష్, ఒక గురువు బాధ్యతలో ఉన్న విశ్వాసుల ప్రాంతం. ‘గురువులు’ అన్నా మనిషి ఒక్కరే, బహువచనం గౌరవానికి. బిషప్‌ను మేత్రానులు అనీ పీఠాధిపతులు అనీ రాస్తారు. పీఠాధిపతి అనగానే మనకు కంచి, శృంగేరి గుర్తొస్తాయి గానీ మాట సరిగ్గానే అతికింది. బిషప్ ఆసనం ఉన్న గుడి కాబట్టే దాన్ని కెథడ్రల్ అంటారు.

కార్డినల్ విషయంలోనూ ఒక అపోహ ఉంది. 2022 ఆగస్టు 27న హైదరాబాద్ ఆర్చిబిషప్ పూల ఆంథోని కార్డినల్ అయ్యారు. కార్డినల్ అయిన తొలి తెలుగువాడు, తొలి దళితుడు ఆయనే. కార్డినల్ అయ్యాక ఆర్చిబిషప్ హోదా పోయిందనుకుంటారు కొందరు. పోదు. కార్డినల్ అనేది పోప్ ఇచ్చే పదవి, దానికి వేరే అభిషేకం లేదు. ఎనభై ఏళ్లలోపు వాళ్లకు కొత్త పోప్‌కు ఓటేసే హక్కు ఆ పదవితో వస్తుంది. 2025 మేలో పద్నాలుగో లియోను ఎన్నుకున్న వాళ్లలో ఆయనా ఉన్నారు.

సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) దగ్గరికి వచ్చేసరికి చిక్కు మొదలు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, మరికొందరు కలిసి పెట్టుకున్న సంఘం అది. బిషప్పులున్నారు, వాళ్లు పెళ్లి చేసుకోవచ్చు. తెలుగులో బిషప్‌ను అధ్యక్షులు అనీ, ఆయన ఏలుబడిని అధ్యక్ష మండలం అనీ రాసుకుంటారు. మన బైబిలు అనువాదంలో ఉన్న మాటే. పేపర్లో ‘అధ్యక్షుడు’ అని వేస్తే మాత్రం ఏ పార్టీకి అని అడుగుతారు. అందుకని నేను బిషప్ అనే ఉంచుతాను. స్త్రీల విషయంలో చిక్కు ఇంకొంచెం ముదురుతుంది. 2013లో ఎగ్గోని పుష్పలలిత నంద్యాల బిషప్ అయ్యారు, సీఎస్ఐలో తొలి మహిళా బిషప్. ఊళ్లలో పాస్టరమ్మ అంటే పాస్టరు భార్య. మరి అభిషేకం పొంది తానే సంఘాన్ని నడిపే స్త్రీని ఏమనాలి? ఇక్కడ మొహమాటం లేకుండా ‘పాస్టర్’ అనే రాయాలి, ‘అమ్మ’ తగిలించకుండా.

ఫాదర్ అంటే కతోలికుడే అన్న సూత్రం కూడా గుంటూరులో చెల్లదు. 1842లో అక్కడికొచ్చిన లూథరన్ మిషనరీని ఇవాళ్టికీ ‘ఫాదర్ హయ్యర్’ అనే అంటారు. ఇంకోవైపు, భూమ్మీద ఎవరినీ తండ్రి అనొద్దన్న మత్తయి సువార్త మాటను ఉన్నదున్నట్టు పట్టుకున్న సంఘాలున్నాయి. హైదరాబాద్‌లోని హెబ్రోను మందిరం కేంద్రంగా అంతమందిని కూడగట్టిన సువార్తికుడు భక్తసింగ్ చివరిదాకా ‘బ్రదర్’ గానే ఉండిపోయారు. అలాంటి వాళ్ల పేరు ముందు రెవరెండ్ పెడితే గౌరవించినట్టు కాదు. అదే బ్రదర్ కతోలికుల దగ్గర వేరే మనిషి: గురుత్వానికి చదువుతున్న కుర్రాడో, మఠంలో వ్రతం పట్టినవాడో.

వీటన్నిటికంటే నాకు ఇష్టమైన మాట పేపర్లో దాదాపు కనిపించదు. అయ్యగారు. ఊళ్లో అయ్యగారంటే పురోహితుడు, లేదంటే పెద్ద కమతం ఉన్న ఆసామి. పల్లెలో, అంటే మాలపల్లెలో, మాదిగపల్లెలో, అయ్యగారంటే పాస్టరు. తెల్ల మిషనరీలు దొరగారు అయ్యారు. ఒంగోలు బాప్టిస్టు క్లౌ దొర, మెదక్ గుడి కట్టించిన పోస్నెట్ దొర. వాళ్ల దగ్గర చదువుకుని ప్రసంగం పట్టుకుని తిరిగిన తెలుగువాళ్లు అయ్యగార్లు అయ్యారు. 1878 జులై 3న ఒంగోలు దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం అయింది. చరిత్రలో పేరు క్లౌది, నీళ్లలో దిగి ఇచ్చినవాళ్లు మాత్రం తెలుగు బోధకులు. ఊళ్లో ఎవరూ ‘గారు’ అనని ఇంటి బిడ్డను తనవాళ్లు అయ్యగారూ అని పిలవడం చిన్న సంగతి కాదు. బైబిలు మిషను దేవదాసు గారిని భక్తులు ఇప్పటికీ దేవదాసు అయ్యగారనే తలుచుకుంటారు. మా పత్రికల నియమం ప్రకారం ‘గారు’ ఎవరికీ ఉండదు కాబట్టి ‘అయ్యగారు’ వార్తలో పట్టదు. కనీసం సంఘస్తుల మాటల్ని ఉటంకించేచోట దాన్ని కొట్టేయకండి.

ఈమధ్య ఫ్లెక్సీల మీద మరో వరస నడుస్తోంది. దైవజనులు, ప్రవక్త, అపోస్తలుడు, పక్కన ఒక డాక్టర్. దైవజనులు అనేది విశ్వాసి నోట్లో మాట. అక్కడ దానికి వంక పెట్టే హక్కు మనకు లేదు. పత్రిక తన గొంతుతో మాత్రం ఆ మాట అనకూడదు. స్వామీజీలకూ నా లెక్క ఇదే. రెవరెండ్ అభిషేకం పొందినవాళ్లకే రాయాలి. ఫ్లెక్సీ మీద ఉన్నదంతా మక్కీకి మక్కీ వేయడం బద్ధకం.

విలేకరులకు, ప్రెస్‌నోట్ పంపే సంఘాల కార్యదర్శులకు ఒక మనవి. ఈ క్రిస్మస్‌కు పేరుతో పాటు సంఘం ఏదో, అక్కడ ఆయన హోదా ఏమిటో, ఆయన్ని ఏమని రాయమంటారో ఒక్క వరుసలో రాసి పంపండి. ఉత్త ‘చర్చి పెద్ద’ అని మాత్రం పంపకండి. పెద్దలు అనే పదవి చాలా సంఘాల్లో వేరేగా ఉంది, అది పాస్టరుది కాదు.