పంచమం మీద చిటికెన వేలు

హార్మోనియం అలవాటున్న చేతికి కీబోర్డు మీద పాట సులువుగానే పలుకుతుంది. ‘కార్డ్స్ వెయ్యండి’ అనేసరికే వస్తుంది చిక్కు. చెయ్యి ఆ చివరికీ ఈ చివరికీ గెంతుతుంది. నేనూ ఆరు నెలలు అలాగే గెంతాను.

‘సి’ మెట్టుని షడ్జమం అనుకోండి. అక్కణ్ణించి తెల్లమెట్లన్నీ వరసగా నొక్కితే శంకరాభరణం స్వరాలు. అందులో ఒకటి విడిచి ఒకటి చొప్పున మూడు కలిపి నొక్కితే కార్డ్. సగప సి మేజర్, పనిరి జి మేజర్, దసగ ఎ మైనర్, మదస ఎఫ్ మేజర్. నల్లమెట్లనీ లెక్కేసుకుంటే మేజర్‌లో కింది స్వరం నుంచి నడిమిదానికి నాలుగు మెట్లు, అక్కణ్ణించి పైదానికి మూడు. మైనర్‌లో ముందు మూడు, తర్వాత నాలుగు. తేడా అంతే, కానీ చెవికి మబ్బు కమ్మినట్టుంటుంది.

ఇప్పుడు కుడిచేతి బొటనవేలు, నడిమివేలు, చిటికెనవేలు సగప మీద ఉంచండి. జి మేజర్ కోసం పైకి ఎగబాకక్కర్లేదు. చిటికెనవేలు పంచమం మీదే ఉంటుంది. స పక్కనున్న మంద్ర నికి, గ రికి దిగితే చాలు: నిరిప. అక్కణ్ణించి మూడూ తలో స్వరం పైకెక్కితే సగద, అంటే ఎ మైనర్. గ ఒక్కటే మకి జరిగితే సమద, ఎఫ్ మేజర్. మ గకీ, ద పకీ దిగితే మళ్లీ సగప. నాలుగు కార్డ్‌లు తిరిగొచ్చినా మణికట్టు ఉన్నచోటే ఉంది!

స్వరాల వరస మారినా కార్డ్ మారదన్న సంగతిని ఫ్రెంచి సంగీతకారుడు రామో 1722లో అచ్చయిన తన హార్మొనీ గ్రంథంలో సిద్ధాంతంగా నిలబెట్టాడు. ఎడమచేతికి మాత్రం అసలు స్వరాలే ఇవ్వాలి: స, ప, ద, మ. కింద ఆ నేల ఉంటేనే పైన వేళ్లు ఎలా సర్దుకున్నా చెల్లుతుంది. పాకెల్‌బెల్ ‘కానన్’లో కింది స్వరాలు ఎనిమిదే: స ప ద గ మ స మ ప. అవే 28 సార్లు తిరుగుతుంటే పైన మూడు వయొలిన్లు అల్లుకుపోతాయి.

అలాగని ప్రతి రాగానికీ కార్డ్‌లు తగిలించకండి. గాంధారం ఊగాల్సిన చోట దాన్ని మూడు స్వరాల మధ్య బిగించి కూర్చోబెడితే రాగం ఊపిరాడక చస్తుంది.

ఒక సాయంత్రం ఈ చుట్టే తిప్పుతూ, జి మేజర్ దగ్గరుండగా ఫోన్ మోగితే లేచాను. కార్డ్‌ల పేరైనా తెలియని మా అమ్మ వంటింట్లోంచి కేకేసింది.

“ఒరేయ్, ఆ ని అలా వేలాడుతోంది. స కలిపి వెళ్లు.”

ఫోన్ మోగుతూనే ఉంది. వెనక్కొచ్చి సగప నొక్కి వెళ్లాను.