దూబే అడిగిన ప్రశ్న: ఎవరికి అందింది?

సమాజశాస్త్రం ప్రభుత్వ విధానాలకి పనికొస్తుందా, అసలు రావాలా? ఈ చర్చ గాల్లో చేస్తే ఎంతసేపైనా చెయ్యొచ్చు. ఎస్.సి. దూబే రాసిన రెండు పుస్తకాలు పక్కపక్కన పెట్టుకుని చదివితే మాత్రం కాళ్లు నేలకి ఆనతాయి. మొదటిది 1955లో వచ్చిన ‘ఇండియన్ విలేజ్’. అది మన శామీర్‌పేట కథ. రెండోది 1958 నాటి ‘ఇండియాస్ ఛేంజింగ్ విలేజెస్’. పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లో కమ్యూనిటీ డెవలప్‌మెంట్ పథకం ఎలా నడిచిందో అది చెబుతుంది.

శామీర్‌పేట అనగానే ఇప్పుడు గుర్తొచ్చేవి అవుటర్ రింగ్ రోడ్డు, జీనోమ్ వ్యాలీ, ఆదివారం చెరువు గట్టు మీద సెల్ఫీలు. 1951–52లో దూబే ఉస్మానియా యూనివర్సిటీ బృందంతో వెళ్లినప్పుడు అదొక పల్లె. ఆ బృందంలో వైద్యం, వ్యవసాయం, పశువైద్యం వాళ్లు కూడా ఉన్నారు. ఒక చేత్తో సేవ, ఇంకో చేత్తో పరిశోధన అన్నమాట. కులాల మధ్య పనుల ఇచ్చిపుచ్చుకోళ్లు, పూజలు, పండగలు, ఇంటి లోపలి సంబంధాలు ఓపిగ్గా రాశాడు. చదివాక మిగిలేది ఒక్కటే: ‘ఊరు’ అనేది ఒక్క మనిషి కాదు. ఊరికి మంచి చేశాం అంటే ఊళ్లో ఎవరికి అని అడగాలి.

ప్రభుత్వం అలా అడగలేదు. 1952 అక్టోబర్ 2న 55 ప్రాజెక్టులతో కమ్యూనిటీ డెవలప్‌మెంట్ మొదలైంది. గ్రామ సేవకుడు వస్తాడు, మంచి విత్తనం ఇస్తాడు, రోడ్డు వేయిస్తాడు, ఊరంతా కలిసి ముందుకెళ్తుంది. డిజైన్ డాక్యుమెంట్ చూడ్డానికి బావుంది. దూబే రెండో పుస్తకం ఆ డాక్యుమెంట్ మీద వచ్చిన బగ్ రిపోర్టు లాంటిది. వ్యవసాయ విస్తరణ లాభాల్లో పెద్ద వాటా అప్పటికే పలుకుబడి, భూమి ఉన్నవాళ్లకే పోయిందని చూపించాడు. శ్రమదానం సంగతి ఇంకా చేదుగా ఉంటుంది. ఊరిపెద్దలు అజమాయిషీ చేసి పేరు తెచ్చుకున్నారు, కూలివాళ్లు మట్టి మోసి ఆ రోజు కూలి పోగొట్టుకున్నారు. తీరా వేసిన రోడ్డు ఎక్కువగా పనికొచ్చింది బండీ ఎడ్లూ ఉన్నవాళ్లకి. కాయితం మీద అదంతా ‘ప్రజా భాగస్వామ్యం’. గ్రామ సేవకుడి మీద టార్గెట్ల ఒత్తిడి, పైవాళ్లకి అంకెలు చూపించాల్సిన అవసరం కూడా దూబే వదల్లేదు. జీరాలో టికెట్లు క్లోజ్ చేసి పని అయిపోయిందనుకునే మనలాంటి వాళ్లకి ఇది కొత్త కాదు.

ఇక్కడ దూబేతో పేచీ కూడా పెట్టుకోవాలి. రెండో పుస్తకం ఉపశీర్షికలో ‘హ్యూమన్ ఫ్యాక్టర్స్’ అన్న మాట ఉంది. పథకం సరైందే, జనం దాన్ని తీసుకునేలా చెయ్యడమెలా అన్న ధోరణి ఆ మాటలో దాగుంది. జనం అలవాట్లు అడ్డంకి అయినంత తేలిగ్గా భూమి పంపకం అడ్డంకి కాదు. శామీర్‌పేటలో పరిశోధన జరిగిన రోజుల్లోనే, 1951 అక్టోబర్‌లో, తెలంగాణ సాయుధ పోరాటాన్ని విరమించారు. ఆ మంట వెలుగు మొదటి పుస్తకంలో నాకు చాలినంత కనపడలేదు. సర్కారుకి దగ్గరగా కూర్చున్న శాస్త్రానికి ఉండే ప్రమాదం ఇదే: మెల్లగా అది కస్టమర్ కేర్ అయిపోతుంది. ప్రశ్న అడగాల్సింది పోయి ప్రొడక్టుని నచ్చజెప్పడం మొదలెడుతుంది.

అయితే సర్కారుకి దూరంగా ఉండిపోతే సరిపోతుందా? 2018లో మొదలైన రైతుబంధు చూడండి. మొదట ఎకరానికి, ఒక్కో సీజన్‌కి 4,000 రూపాయలు, పట్టాదారుకి. పద్ధతి బావుండేది, మధ్యలో దళారీ ఉండేవాడు కాదు. కానీ పథకానికి యూనిట్‌గా ఎకరం, గుర్తింపుగా పట్టా ఉండేవి. కాబట్టి ఎక్కువ ఎకరాలున్న వాళ్లకి ఎక్కువ, కౌలుకి దున్నేవాడికి సున్నా. శ్రమదానపు రోడ్డు మళ్లీ వేసినట్టే. ‘ఎవరికి అందింది’ అన్న దూబే ప్రశ్నకి అరవై ఏళ్ల తర్వాత కూడా అదే జవాబు.

కౌలుదార్లు ఉన్నారని ప్రభుత్వానికి తెలీక కాదు కదా, అని మీరు అడగొచ్చు. నిజమే. వాళ్లని పక్కన పెట్టడం బాహాటంగా చెప్పి తీసుకున్న రాజకీయ నిర్ణయం. సమాజశాస్త్రం దాన్ని ఆపలేదు, ఆపే అధికారం దానికి ఉండకూడదు కూడా. ఓటు వేసింది మనం, ప్రొఫెసర్లు కాదు. కానీ పథకం రాసేటప్పుడే ‘ఈ యూనిట్ పెడితే ఎవరు జారిపోతారు’ అని అడిగే మనిషి గదిలో ఉండాలి. అతని జవాబు ఫైల్లో మగ్గిపోకుండా బయటికి రావాలి. అప్పుడు కనీసం ‘మాకు తెలీదు’ అనే వెసులుబాటు పోతుంది, అధికారంలో ఉన్నవాళ్లకీ, ఓటేసిన మనకీ.

అందుకే ఈ రెండు పుస్తకాలు సెక్రటేరియట్‌లో ఎవరైనా చదువుతారా అన్న బెంగ నాకు పెద్దగా లేదు. మనం చదవాలి. ఈసారి ఏ పథకం ప్రకటించినా ఎన్ని కోట్లు అని కాక, ఎవరి పేరు మీద అని అడగడానికి.