మెరిసే తీగలు, తేలే స్వరాలు

1965 జనవరి 20న హాలీవుడ్‌లోని కొలంబియా స్టూడియోలో ‘ది బర్డ్స్’ అనే కొత్త బృందం ఒక పాట రికార్డు చేసింది. బృందంలో అయిదుగురున్నా ఆ రోజు వాద్యం ముట్టుకున్నది ఒక్కడే, జిమ్ మెగ్విన్. రోజర్ అనే పేరు తర్వాత పెట్టుకున్నాడు. మిగతా వాద్యాలన్నీ నిర్మాత టెర్రీ మెల్చర్ పిలిపించిన స్టూడియో కళాకారులే వాయించారు. పాట బాబ్ డిలన్‌ది, ‘మిస్టర్ టాంబురీన్ మ్యాన్’. డిలన్ రాసిన చరణాల్లో ఒక్కటే ఉంచుకుని, పాటను రెండున్నర నిమిషాల్లోపు ముగించారు. ఆ ఏడాది అది అమెరికాలోనూ బ్రిటన్‌లోనూ మొదటి స్థానానికి చేరింది.

ఆ పాటలో ఇంకా ఎవరూ గొంతు విప్పకముందే గిటార్ మీద ఒక చిన్న వరస మోగుతుంది. బాఖ్ సంగీతంలోని ఒక వరస నుంచి దాని పోకడ తెచ్చుకున్నానని మెగ్విన్ తర్వాత చెప్పాడు. కొన్ని సెకన్ల ముచ్చటే. కానీ గలగలమంటూ మెరిసే ఆ మోత వెంట అరవై ఏళ్లుగా ఎన్నో ఊళ్ల కుర్రాళ్లు పడుతూనే ఉన్నారు. జాంగిల్ గిటార్ అని పిలిచే సంప్రదాయానికి అది తలవాకిలి. దాని పక్కనే, ఏడాది తేడాలో, కలలో తేలుతున్నట్టు అనిపించే సైకెడెలిక్ సంగీతం పుట్టింది. ఈ రెంటినీ కలిపి, నెమ్మదిగా తేలిపోయే కొత్త పాటలు కడుతున్న బృందాలు ఇప్పుడు పెర్త్‌లో, బాల్టిమోర్‌లో, టొరంటోలో ఉన్నాయి.

ఈ పాటలను ‘ఇందులో ఏముంది, అంతా మసక, అంతా మత్తు’ అని తేలిగ్గా తీసేసేవాళ్లు చాలామంది. అది అన్యాయం. ఆ మసక వెనక ఉన్నది చాలా పదునైన చేతిపని. తీగల సంఖ్య, శ్రుతి, మీటే వేళ్లు, టేపు వేగం, యంత్రాలను అమర్చే వరుస, ఇవన్నీ లెక్కగా కుదిరితేనే ఆ కల నిలబడుతుంది. ఒక్కటి తప్పినా మిగిలేది రొదే.

మొదట వాద్యం సంగతి. 1964 ఫిబ్రవరిలో బీటిల్స్ తొలిసారి న్యూయార్క్ వచ్చినప్పుడు రికెన్‌బాకర్ కంపెనీ జార్జ్ హారిసన్‌కు పన్నెండు తీగల ఎలక్ట్రిక్ గిటార్ ఒకటి ఇచ్చింది. ఆ ఏడాదే వచ్చిన ‘ఎ హార్డ్ డేస్ నైట్’ సినిమాలో దాన్ని చూసిన మెగ్విన్ తనకూ అలాంటిదే ఒకటి కొనుక్కున్నాడు. దీంట్లో తీగలు ఆరు జతలు. కింది స్వరాలు పలికే నాలుగు జతల్లో ఒక తీగ మామూలు శ్రుతిలో, దాని జోడు ఒక స్థాయి పైన ఉంటాయి. మిగతా రెండు జతల్లో రెండు తీగలూ ఒకే స్వరం పలుకుతాయి. పేరుకు ఒకే స్వరం గానీ, ఏ రెండు తీగలూ నూటికి నూరుపాళ్లు ఒకే శ్రుతిలో ఉండవు. ఆ వెంట్రుకవాసి తేడా వల్ల రెండు మోతలూ ఒకదాన్నొకటి కాసేపు పెంచుకుంటూ, కాసేపు తగ్గించుకుంటూ అలలా కదులుతాయి. చెవికి అదే మెరుపుగా తోస్తుంది. తంబూరా దగ్గర కూర్చున్నవాళ్లకు ఇది కొత్త అనుభవమేమీ కాదు. పక్కపక్కనే ఉన్న రెండు సారణి తీగలు కలిసి మోగుతుంటే వాటి మధ్య పుట్టే కదలిక ఈ కుటుంబానిదే.

ఎలక్ట్రిక్ గిటార్‌తో ఒక చిక్కుంది. శబ్దాన్ని గరుకు చేయకుండా శుభ్రంగా వాయిస్తే మీటిన క్షణంలో టక్కున మోగి, వెంటనే సన్నగిల్లిపోతుంది. మెగ్విన్ రికార్డుల్లో స్వరం అంతసేపు ఎలా నిలిచింది? జవాబు కంప్రెసర్ అనే యంత్రం. పెద్ద మోతను అణిచి, చిన్న మోతను పైకెత్తడం దాని పని. స్టూడియో ఇంజనీర్లు గిటార్ శబ్దాన్ని గట్టిగా కంప్రెస్ చేయడంతో మీటు తాలూకు దెబ్బ మెత్తబడింది, తోక పొడుగైంది. దానికి తోడు చేతివాటం. మెగ్విన్ చికాగోలోని ఓల్డ్ టౌన్ స్కూల్ ఆఫ్ ఫోక్ మ్యూజిక్‌లో బాంజో నేర్చుకున్నవాడు. బొటనవేలు, చూపుడువేలు మధ్య మామూలు పిక్ పట్టుకుని, మధ్యవేలికీ ఉంగరపు వేలికీ లోహపు గోళ్లు తొడుక్కుని, బాంజో వాయించినట్టే ఒక్కో తీగనూ విడివిడిగా మీటేవాడు. కార్డును, అంటే కలిసి మోగే స్వరాల గుంపును, ఒక్క ఊపులో గీకేయకుండా స్వరం వెంట స్వరంగా విప్పడం, విప్పిన స్వరం ఆగిపోకముందే తరవాతిది అందుకోవడం, మధ్యలో వేలితో నొక్కని ఓపెన్ తీగలను అలాగే మోగనివ్వడం: జాంగిల్ వాయింపుకు ఈ మూడే ప్రాణం.

ఓపెన్ తీగ అంటే ఆగకుండా మోగే శ్రుతి. అక్కడే ఈ కథలోకి భారతదేశం వస్తుంది.

లాస్ ఏంజిలిస్‌లోని వరల్డ్ పసిఫిక్ స్టూడియోలో సితార్ విద్వాంసుడు రవిశంకర్ రికార్డింగులు జరిగేవి. బర్డ్స్ తొలి రోజుల్లో సాధన చేసుకున్నదీ అక్కడే. మెగ్విన్, అతని బృంద సహచరుడు డేవిడ్ క్రాస్బీ ఇద్దరూ ఆ సితార్‌కు దాసోహమయ్యారు. 1965 ఆగస్టులో బీటిల్స్ ఆ ఊరు వచ్చినప్పుడు హారిసన్‌తో రవిశంకర్ గురించి మాట్లాడిందీ వీళ్లే. ఆ ఏడాది చివరి నెలల్లో బర్డ్స్ ఊరూరా తిరిగే బస్సులో ఒకవైపు రవిశంకర్, మరోవైపు సాక్సఫోన్ విద్వాంసుడు జాన్ కోల్‌ట్రేన్ ఉన్న టేపును పదేపదే వింటూ గడిపారు. ఫలితం 1966 మార్చిలో విడుదలైన ‘ఎయిట్ మైల్స్ హై’. అందులో మెగ్విన్ పన్నెండు తీగల మీద కోల్‌ట్రేన్ సాక్సఫోన్ ఊపును పట్టుకోబోయాడు. స్వరాలు ఒకదానిమీద ఒకటి ఎగబడుతుంటాయి, కింద బేస్ గిటార్ మాత్రం ఒకే చోట గట్టిగా నిలబడి ఉంటుంది. మాదకద్రవ్యాల పాటేమోనన్న అనుమానంతో అమెరికాలో పలు రేడియో స్టేషన్లు దాన్ని పక్కనపెట్టాయి. విమానంలో లండన్ వెళ్లిన ప్రయాణం గురించి రాసినదని బృందం చెప్పుకుంది.

ఆ ఏప్రిల్ 6న లండన్‌లో బీటిల్స్ ‘టుమారో నెవర్ నోస్’ మొదలుపెట్టారు. దాదాపు పాటంతా ఒకే ఆధార షడ్జమం మీద నడుస్తుంది, వెనక తంబూరా మోగుతుంటుంది. దానిమీదికి ఉంగరాల్లా అతికించిన టేపు ముక్కలను వదిలారు. వేగం పెంచి, తగ్గించి, వెనక్కి తిప్పి తయారుచేసిన శబ్దాలవి. పాట రెండో సగంలో జాన్ లెనన్ గొంతును లెస్లీ అనే గిరగిర తిరిగే స్పీకర్ గుండా పంపారు. ఒకే పాటను రెండుసార్లు పాడి కలపడం లెనన్‌కు విసుగని, ఆ పని టేపు యంత్రమే చేసేలా ఇంజనీర్ కెన్ టౌన్‌సెండ్ ఒక ఉపాయం కనిపెట్టిందీ ఆ రోజుల్లోనే. రెండో టేపు వేగాన్ని కాస్త అటూ ఇటూ జరిపితే గొంతుకు ఒక నీడ ఏర్పడుతుంది. నేటి సైకెడెలిక్ రికార్డుల్లో వినిపించే ఈదులాటకు మూలాలు ఈ పనుల్లోనే ఉన్నాయి. ఎల్‌ఎస్‌డీ అనే మత్తుమందు ప్రభావం ఆ తరం మీద లేదనడం అబద్ధమే అవుతుంది. కానీ ఆ శబ్దాన్ని కట్టింది తెల్ల కోటు వేసుకుని స్టూడియోలో డ్యూటీ చేసిన ఇంజనీర్లూ, గంటల తరబడి టేపు అతికించిన చేతులూ. రవిశంకర్‌కైతే తన సంగీతాన్ని మత్తుతో ముడిపెట్టడం ఎంత మాత్రం గిట్టేది కాదు, ఆ మాట బాహాటంగానే చెప్పేవాడు.

డెబ్బయిల్లో ఈ మెరుపు కొంత మరుగున పడింది. ఎనభైల్లో తిరిగి వెలిగింది, అదీ పెద్ద నగరాలకు దూరంగా. జార్జియా రాష్ట్రపు కాలేజీ ఊరు ఏథెన్స్‌లో ‘ఆర్.ఈ.ఎం.’ గిటార్ వాద్యకారుడు పీటర్ బక్ రికెన్‌బాకర్ పట్టుకున్నాడు. 1983 నాటి ‘మర్మర్’ ఆల్బంలో అతని గిటార్ పొడవాటి ఏకాంత విన్యాసాలకు పోదు, పాట కిందుగా పాకుతూ అల్లుకుంటుంది. గాయకుడు మైకేల్ స్టైప్ మాటలు సగం అర్థం కావు, అయినా ఏ లోటూ తెలియదు. న్యూజీలాండ్ దక్షిణాన ఉన్న డునెడిన్‌కు చెందిన ‘ది క్లీన్’ అనే కుర్రాళ్లు 1981లో ‘ట్యాలీ హో!’ పాటను చాలా కొద్ది ఖర్చుతో రికార్డు చేశారు. ఫ్లయింగ్ నన్ అనే చిన్న కంపెనీ విడుదల చేస్తే అది ఆ దేశపు టాప్ 20లోకి ఎక్కింది.

మాంచెస్టర్ కుర్రాడు జానీ మార్ దారి వేరు. ‘ది స్మిత్స్’ 1983లో తెచ్చిన ‘దిస్ చార్మింగ్ మ్యాన్’ వింటే ఒకడే చురుగ్గా వాయించేస్తున్నాడనిపిస్తుంది. లోపల గిటార్ ట్రాకులు పదిహేను దాకా ఉన్నాయని మార్ ఒక ఇంటర్వ్యూలో వివరించాడు. వాటి అడుగున ఇంకొకటుంది. టెలికాస్టర్ గిటార్‌ను ఓపెన్ కార్డుకు శ్రుతి చేసి, యాంప్లిఫయర్ మీద పడుకోబెట్టి, లోహపు పిడి ఉన్న కత్తిని తీగల మీద పడేశాడు. తగిలిన తీగ తగిలినట్టు మోగింది. ఆ మోతను పాటలో ఎవరూ వేరుగా గుర్తుపట్టలేరు, తీసేస్తే మాత్రం పాట పలచబడుతుంది. కనిపించని పనిమీద ఇంత శ్రద్ధ పెట్టడమే ఈ సంప్రదాయపు గొప్పదనం. గిటార్ అంటే వేదిక ముందుకొచ్చి వేగం చూపించడమని నమ్మిన కాలంలో, పాట కోసం వెనక నిలబడ్డ వాద్యకారులు వీళ్లు.

కలను మరీ దూరం తీసుకెళ్లినవాడు కెవిన్ షీల్డ్స్. ‘మై బ్లడీ వాలంటైన్’ బృందం 1991 నవంబరులో తెచ్చిన ‘లవ్‌లెస్’ను తొలిసారి విన్నవాళ్లు క్యాసెట్ సాగిందేమో అనుకోవడం సహజం. గిటార్‌కు ట్రెమొలో ఆర్మ్ అనే చిన్న లోహపు కడ్డీ ఉంటుంది. నొక్కితే తీగల బిగువు తగ్గి స్వరం కిందికి జారుతుంది. అందరూ దాన్ని వాక్యం చివర విరుపులా, అప్పుడప్పుడూ వాడతారు. షీల్డ్స్ ఆ కడ్డీని గుప్పిట్లోనే ఉంచుకుని, అదే చేత్తో కార్డులు వాయించాడు. దాంతో కార్డు మొత్తం ఎక్కడా స్థిరంగా నిలవదు, అటూ ఇటూ ఊగుతూనే ఉంటుంది. దానిమీద రివర్స్ రెవర్బ్ అనే ప్రభావం, అంటే మోగి తగ్గడానికి బదులు ఉబ్బుతూ వచ్చే ప్రతిధ్వని. కర్ణాటక సంగీతంలో ఒక్క స్వరాన్ని ఊపితే గమకం, ఇక్కడ ఊగేది కార్డు మొత్తం.

ఇక ఈ తరం. ఆస్ట్రేలియా పశ్చిమ కొసన ఉన్న పెర్త్ నుంచి వచ్చిన ‘టేమ్ ఇంపాలా’ పేరుకు బృందం, స్టూడియోలో మాత్రం దాదాపు అంతా కెవిన్ పార్కర్ ఒక్కడే. డ్రమ్స్, బేస్, గిటార్, గొంతు అన్నీ అతనివే. 2010లో వచ్చిన ‘ఇన్నర్‌స్పీకర్’ను పెర్త్‌కు దక్షిణంగా సముద్రపు ఒడ్డున ఉన్న ఒక ఇంట్లో రికార్డు చేశాడు, ఆ ఇంటినే తర్వాత కొనుక్కున్నాడు. రెండేళ్లకు ‘లోనరిజం’, 2015లో ‘కరెంట్స్’ వచ్చాయి. అతని కిటుకుల్లో ఒకటి చెప్పుకోదగ్గది. గిటార్ వాళ్లు సాధారణంగా ముందు ఫజ్‌తో శబ్దాన్ని గరుకు చేసి, ఆ తరవాత ప్రతిధ్వని కలుపుతారు. పార్కర్ వరుస తిరగేసి, ప్రతిధ్వనిని ముందు పెట్టి ఫజ్‌ను వెనక పెట్టాడు. అలా చేస్తే ప్రతిధ్వని కూడా గిటార్‌తోపాటు గరుకెక్కి, రెండూ విడదీయరాని ఒకే ముద్దవుతాయి. దానిమీద ఫేజర్ పెడితే ఆ ముద్దలోంచి కొన్ని పౌనఃపున్యాలు వరసగా మాయమవుతూ, తిరిగొస్తూ ఉంటాయి.

బాల్టిమోర్ జంట ‘బీచ్ హౌస్’ది ఇంకా పొదుపు పద్ధతి: ఒక ఆర్గన్, సన్నటి స్లైడ్ గిటార్, విక్టోరియా లెగ్రాండ్ బరువైన గొంతు. వాళ్ల 2010 నాటి ‘టీన్ డ్రీమ్’ ఒకప్పుడు చర్చిగా ఉన్న న్యూయార్క్ రాష్ట్రపు స్టూడియోలో రికార్డయింది. న్యూజెర్సీ బృందం ‘రియల్ ఎస్టేట్’ వారి ‘డేస్’ (2011), టొరంటో బృందం ‘ఆల్వేస్’ వారి 2014 నాటి తొలి ఆల్బం నేరుగా మెగ్విన్, మార్ సంతతివి. హ్యూస్టన్ ముగ్గురు ‘క్రువాంగ్‌బిన్’ అరవై, డెబ్బయిల నాటి థాయ్ గిటార్ పాటలు విని తమ శైలి కట్టుకున్నారు. అనుకరణ అన్న నింద వీళ్లందరికీ తప్పలేదు. కొందరి విషయంలో అది నిజం కూడా. శబ్దాన్ని మార్చే పెడల్ కొనుక్కుంటే చాలు, పాట దానంతటదే తేలుతుందని నమ్మిన బృందాలు వందలున్నాయి. అలాంటివి రెండోసారి వినబుద్ధి కాదు. కింద వరస లేకపోతే పైన ఎంత పొగమంచు కప్పినా ప్రయోజనం లేదు.

తెలుగువాళ్లకు ఈ దారిలో సొంత గుమ్మం ఒకటుంది, చాలామంది గమనించలేదు. పాలకొల్లులో 1969లో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్, కెనడా గిటార్ వాద్యకారుడు మైకేల్ బ్రూక్‌తో కలిసి 1995లో ‘డ్రీమ్’ అనే ఆల్బం చేశాడు. పీటర్ గేబ్రియల్ స్థాపించిన రియల్ వరల్డ్ కంపెనీ దాన్ని విడుదల చేసింది. ఈ బ్రూక్ సామాన్యుడు కాడు. మీటిన స్వరం ఆగకుండా ఎంతసేపైనా నిలిచే ‘ఇన్ఫినిట్ గిటార్’ను తయారుచేసినవాడు. 1987లో ‘యూ2’ పాట ‘విత్ ఆర్ వితౌట్ యూ’లో వినిపించే సాగుడు దాని చలవే. ‘డ్రీమ్’లో ఆ సాగే శబ్దం మీద శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్ గమకాలతో నడుస్తుంది. రాగాన్ని పలచబరచలేదు, పక్కవాడి శబ్దాన్ని తొక్కేయనూ లేదు. కలయిక సంగీతం పేరుతో వచ్చిన ఎన్నో రికార్డులకంటే అది పై మెట్టు మీద ఉంటుంది.

కొత్తగా వినాలనుకునేవారికి ఒక మాట. ఫోన్ స్పీకర్‌లో ఈ సంగీతం వినొద్దు. కుడి ఎడమల మధ్య జరిగే సంభాషణ అందులో చచ్చిపోతుంది, ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి. మొదటిసారి మాటలు పట్టించుకోకుండా గిటార్ వెంటే వెళ్లండి, రెండోసారి బేస్ వెంట వెళ్లండి. ‘మిస్టర్ టాంబురీన్ మ్యాన్’తో మొదలుపెట్టి ‘మర్మర్’, ‘లోనరిజం’ విన్నాక, చెవి అలవాటు పడ్డాకే ‘లవ్‌లెస్’ జోలికి వెళ్లండి. ‘డ్రీమ్’ను మాత్రం ఎప్పుడైనా వినొచ్చు, దానికి ముందస్తు సాధన అక్కర్లేదు.